మునీరాబాద్ నుంచి రాజోలిబండ దాకా: ఒక కాలువ, దాని చౌడు

తుంగభద్ర ఎడమ కాలువ మునీరాబాద్ దగ్గర జలాశయాన్ని వదిలి కొప్పళ, రాయచూరు జిల్లాల్లో 227 కిలోమీటర్లు పారుతుంది. దాని కింద సుమారు 2.4 లక్షల హెక్టార్ల ఆయకట్టు ఉంది. హోస్పేట నుంచి గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు వెళ్లే దారి పొడవునా ఈ ఆయకట్టే కనిపిస్తుంది. మొదట ఏడాదికి రెండు పంటలు పండే వరి మడులు. కొంతదూరం పోయాక అదే వరి నడుమ తెల్లగా ఉప్పు పేరుకున్న చౌడు మచ్చలు. చివరికి వచ్చేసరికి, కాలువ గట్టు పక్కనే ఉండి కూడా వానకోసం మొగం చూసే చేలు. ఈ మూడూ ఒక్క నీటి పంపకంలోంచి పుట్టినవే. చౌడును బాగుచేయడం గురించి మాట్లాడాలంటే ఈ మూడింటినీ కలిపి చూడాలి. మధ్యలో ఉన్న తెల్ల మచ్చనొక్కదాన్నే చూస్తే వైద్యం సగంలో ఆగిపోతుంది.

ఆనకట్టకు 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. కుడి ఒడ్డున మద్రాసు ప్రభుత్వం, ఎడమ ఒడ్డున నిజాం ప్రభుత్వం చెరి సగం పనిగా మొదలుపెట్టాయి. 1953 నాటికి కాలువలకు నీళ్లొచ్చాయి. అప్పటికి ఈ ప్రాంతం జొన్న, పత్తి, కుసుమ పండే నల్లరేగడి మెట్ట. వాన ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడేది, అదీ నమ్మకంలేనిది. కరువు మీద కరువు చూసిన నేల. అందుకే ఎడమ కాలువను వరికోసం కట్టలేదు. ఉన్న నీటిని పలచగా, వీలైనంత ఎక్కువ ఊళ్లకు పంచి, జొన్న, పత్తి, వేరుశనగ ఎండిపోకుండా రెండు మూడు తడులిచ్చి గట్టెక్కించాలన్నది ఆలోచన. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో, ఖరీఫ్‌కు నీళ్లా రబీకి నీళ్లా అన్నది ముందే రాసిపెట్టారు. ఆ లెక్కలో వరికి, చెరుకుకు దక్కిన వాటా చిన్నది. కాలువ వెడల్పు, తూముల సైజు అన్నీ ఆ లెక్క ప్రకారమే కట్టారు.

ఆ లెక్క తప్పడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పలచగా పారే నీటిని వాడుకోవడం అప్పటి స్థానిక రైతుకు కొత్త. కాలువ వచ్చినా చాలామంది చేలను మెట్టగానే ఉంచారు. ఆ సమయంలో గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి తెలుగు రైతులు రావడం మొదలైంది. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ దానికి కొన్ని రెట్ల భూమి వచ్చేది. వచ్చినవాళ్లు ఊళ్లకు దూరంగా, కొన్న పొలాల దగ్గరే గుడారాలు, పాకలు వేసుకున్నారు. అవే తర్వాత క్యాంపులయ్యాయి. గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో ఈరోజుకీ ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని ఉంటే అది తెలుగువాళ్లు కట్టుకున్న ఊరై ఉండే అవకాశం ఎక్కువ. సింధనూరు దగ్గర తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల క్యాంపులు కూడా ఉన్నాయి. తుమ్మలు కొట్టి, ఎత్తుపల్లాల రేగడిని మడులుగా చదును చేసి, గట్లు వేసి, దమ్ము చేసి, డెల్టాలో నేర్చిన వరిని ఇక్కడికి తెచ్చిన కష్టం చిన్నది కాదు. గంగావతి సోనా మసూరి బియ్యానికి పేరు తెచ్చింది, కారటగిలో వరసగా రైసు మిల్లులు నిలబెట్టింది ఆ చెమటే. అది చూసి స్థానిక కన్నడ రైతులూ వరికే మళ్లారు. అయితే డెల్టా వరితో పాటు డెల్టా మురుగు కాలువలు ఇక్కడికి రాలేదు. గోదావరి డెల్టాలో కాలువ ఎంత ముఖ్యమో డ్రెయిన్ అంత ముఖ్యమని ప్రతి రైతుకూ తెలుసు. జొన్నకు తడి ఇవ్వడానికి కట్టిన ఈ కాలువ కింద డ్రెయిన్లకు ఆ స్థాయి ఏర్పాటే లేదు.

గంగావతి దాటాక నేల తీరు గమనిస్తే చౌడు ఎక్కడ పుడుతుందో చెప్పడం కష్టం కాదు. ఇది డెల్టాలా బల్లపరుపు నేల కాదు. మిట్టలు, వాటి నడుమ వాగులు, వాగుల వైపు మెల్లగా దిగే వాలు. కాలువ, దాని పిల్లకాలువలు మిట్టల మీద నడుస్తాయి. మిట్టన వరి వేస్తే మడిలో నెలలతరబడి నీళ్లు నిలుస్తాయి. ఆ నీటిలో కొంత, కాలువ గట్ల నుంచి ఊరేది ఇంకొంత, నేలలోపలినుంచి వాలు వెంట దిగి పల్లపు పొలాల్లో తేలుతుంది. రేగడిలో నీరు కిందికి ఇంకడం ఆలస్యం, పక్కకు పోవడం ఇంకా ఆలస్యం. పల్లంలో భూగర్భజలం ఏటికేడు పైకి వస్తుంది. అది నేల మట్టానికి ఒకటిన్నర, రెండు మీటర్ల లోపుకు చేరిందంటే ప్రమాదం మొదలైనట్టే. దీపంలో వత్తి నూనెను లాగినట్టు మట్టిలోని సన్నని ఖాళీలు ఆ నీటిని పైకి లాగుతాయి. ఎండ నీటిని తీసుకుపోతుంది, ఉప్పును వదిలిపోతుంది.

ఆ ఉప్పు ఎక్కడిదన్నది చాలామంది అడిగే ప్రశ్న. కొంత ఈ నేలదే. గ్రానైటు, నైస్ రాళ్లు వేల ఏళ్లుగా చివికి మట్టయినప్పుడు వెలువడిన లవణాలు, చాలినంత వాన లేనందువల్ల కొట్టుకుపోక లోపలి పొరల్లో మిగిలాయి. మెట్టగా ఉన్నంతకాలం అవి వేళ్లకు అందని లోతున ఉండేవి, ఎవరికీ హాని లేదు. మిగతాది కాలువ నీటితో వస్తుంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు తాగడానికి కూడా మంచినీరే. అలాంటి నీటినే ఒక పంటకాలంలో మీటరు లోతున పెడితే హెక్టారుకు రెండు టన్నుల లవణం పొలంలోకి చేరుతుంది. పంట అందులో తీసుకునేది చాలా తక్కువ. బయటికి దారి ఉంటే ఈ రెండు టన్నులూ నీటితో పోతాయి. దారి లేకపోతే పదేళ్లకు ఎంతవుతుందో లెక్కేయడానికి చదువు అక్కర్లేదు.

రెండో పంట కోశాక, ఎండలు ముదిరేవేళ ఇలాంటి పల్లపు మడిలోకి దిగితే విషయం కాళ్లకే తెలుస్తుంది. గట్టు దగ్గర మట్టి మామూలు రేగడిలాగే నెర్రెలు విచ్చి, గడ్డలు గట్టిగా ఉంటాయి. నాలుగడుగులు పల్లానికి వేస్తే నెర్రెలు సన్నబడతాయి. వరి కొయ్యకాళ్లు పలచబడి, పొట్టిబడి, చివరికి లేకుండా పోతాయి. అక్కడ తెల్లని పొర, దాని కింద బూడిదలా గుల్లబారిన మట్టి. అడుగు పెడితే పొర పెళపెళమని విరిగి పాదం అంగుళం లోపలికి దిగుతుంది. బెత్తెడు తవ్వితే మట్టి తడిగా ఉంటుంది, మోకాలి లోతు గోతిలో ఒక పూట గడిచేలోగా నీరు ఊరుతుంది. ఆ మచ్చ అంచున బతికిన దుబ్బుల్లో ఆకు కొనలు తెల్లబడి చుట్టుకుని ఉంటాయి, పిలకలు లేవవు, వెన్నులో తాలు ఎక్కువ. మొదటి ఏడు మంచమంత ఉన్న మచ్చను రైతు పెద్దగా లెక్కచేయడు. ఎరువు తక్కువైందని ఇంకో బస్తా చల్లుతాడు. యూరియాతో ఆ మచ్చ తగ్గదు.

ఇక్కడి కన్నడ రైతులు ఉప్పెక్కిన నేలను సవళు అంటారు, నీరు ఊరి జౌకైన నేలను జవళు అంటారు. రెంటినీ జంటగానే పలుకుతారు, ఎందుకంటే ఒకటి వస్తే రెండోది వెనకే వస్తుంది. క్యాంపుల్లో వాడేది పాల చౌడు, కారు చౌడు అన్న పాత తెలుగు లెక్క. ఈ రెండింటి తేడా తెలియకుండా పని మొదలుపెడితే డబ్బు మట్టిపాలవుతుంది కనుక దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

పాల చౌడులో ఉన్నవి నీటిలో సులభంగా కరిగే ఉప్పులు, అంటే సోడియం, కాల్షియం, మెగ్నీషియంల క్లోరైడ్లు, సల్ఫేట్లు. తడిపిన మట్టి సారంలో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఆ నేలను చౌడుగా లెక్కిస్తారు. పీహెచ్ మాత్రం 8.5 లోపే ఉంటుంది. మట్టి గుణం చెడదు, నీరు లోపలికి ఇంకుతుంది. మొక్క చుట్టూ నీళ్లున్నా ఉప్పు గాఢత వల్ల వేరు వాటిని లాగలేదు, అంతే. కారు చౌడుది వేరే దారి. అక్కడ సోడియం మట్టి రేణువులకే అంటుకుపోయి ఉంటుంది. రేణువులు పట్టుకున్న లవణ మూలకాల్లో సోడియం వాటా 15 శాతం మించితే, పీహెచ్ 8.5 దాటితే అది కారు చౌడు. కొన్నిచోట్ల పీహెచ్ 10 దాకా పోతుంది. సోడియం మట్టి కణాలను విడదీస్తుంది. విడిపోయిన బంకమన్ను ఖాళీలన్నింటినీ పూడ్చేస్తుంది. పైన నీరు నిలిచి రోజులతరబడి బురదగా ఉంటుంది, జానెడు కింద మట్టి పొడిగా ఉంటుంది. సేంద్రియ పదార్థం కరిగి పైకి తేలి నేల నల్లగా జిడ్డు పట్టినట్టు కనబడుతుంది, ఎండితే రాయి అవుతుంది. గ్లాసులో మట్టి వేసి వాననీటితో కలిపి ఒక రాత్రి ఉంచితే పాల చౌడు మట్టి అడుగుకు దిగి నీరు తేటబడుతుంది, కారు చౌడు నీరు తెల్లారినా మురికిగానే ఉంటుంది. ఇది ఇంటి దగ్గర చేసుకునే పరీక్ష. ప్రయోగశాల పరీక్షకు బదులు కాదు గానీ, ఏ వైపు ఆలోచించాలో చెబుతుంది.

గంగావతిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ రోగాన్ని దశాబ్దాలుగా చదువుతోంది. ఇప్పుడది రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. చౌడు నేలలపై అఖిల భారత సమన్వయ పథకంలో ఇదొక కేంద్రం. బాపట్ల మరో కేంద్రం. ఈ పథకానికి నడిబొడ్డు హర్యానాలోని కర్నాల్. 1969లో అక్కడ కేంద్రీయ మృత్తికా లవణీయతా పరిశోధన సంస్థను పెట్టారు. ఆ చోటును ఊరికే ఎంచుకోలేదు. కర్నాల్ పక్కనున్న మునక్ గ్రామస్థులు పశ్చిమ యమునా కాలువ వచ్చాక పొలాలు ఉప్పెక్కిపోతున్నాయని 1855లోనే మొరపెట్టుకున్నారు. భారతదేశంలో కాలువ చౌడుపై నమోదైన తొలి ఫిర్యాదుగా దాన్నే చెబుతారు. తర్వాత రెండు దశాబ్దాలకు బ్రిటిష్ ప్రభుత్వం దీనిపై ఒక విచారణ సంఘాన్ని కూడా వేసింది. అంటే తుంగభద్ర కాలువ తవ్వేనాటికే ఈ పాఠం తొంభై ఏళ్ల పాతది. తెలిసిన పాఠాన్ని పక్కనపెట్టి కాలువ కట్టి, డ్రెయిన్ సంగతి తర్వాత చూద్దామనుకున్నందుకు మూల్యం చెల్లించింది పల్లపు రైతు. ఈరోజు దేశంలో చౌడు బారిన పడ్డ భూమి 67 లక్షల హెక్టార్లకు పైనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కట్టిన లెక్క 2.74 లక్షల హెక్టార్లు, అందులో ఎక్కువ భాగం కారు చౌడు.

పాల చౌడు వైద్యం ఒక్క మాటలో చెప్పాలంటే కడగడం. మంచినీరు పెట్టి, ఉప్పు కరిగించి, కిందికి దింపి, పొలం బయటికి పంపాలి. మడిలో నీరు నిలబెట్టి కడిగితే, మీటరు లోతు మట్టికి మీటరు నీరు చొప్పున ఇంకినప్పుడు ఉన్న ఉప్పులో దాదాపు 80 శాతం పోతుందన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. కష్టమంతా ‘బయటికి’ అన్న మాట దగ్గరే. భూగర్భజలం మీటరు లోతులోనే ఉంటే కడిగిన ఉప్పు ఎక్కడికీ పోదు, కాస్త కిందికి దిగి వేసవిలో మళ్లీ ఎక్కి వస్తుంది. అందుకే కడగడానికి ముందు డ్రెయిన్ కావాలి.

మొదటి మెట్టు పైకి కనిపించే మురుగు కాలువ. పొలం పల్లపు అంచున లోతైన బోదె తీసి దగ్గరి వాగులో కలపాలి. వాగు పూడి, జమ్ము పెరిగి ఉంటే ముందు దాన్ని తవ్వాలి. ఇది సాదా పని, ఖర్చు తక్కువ. సగం చోట్ల దీనితోనే చాలా మార్పు వస్తుంది. అయితే రేగడిలో బోదె గట్లు విరిగి పడుతుంటాయి, కొంత భూమి పోతుంది, ఏటా పూడిక తీయాలి. రెండో మెట్టు భూమిలోపల వేసే పైపులు. చిల్లులున్న, మడతల పీవీసీ పైపు చుట్టూ మట్టి లోపలికి పోకుండా నారబట్ట చుట్టి, మీటరు నుంచి మీటరున్నర లోతున, వాగు వైపు సన్నని వాలుతో వరసలుగా పరుస్తారు. ఈ వరసలన్నీ ఒక పెద్ద పైపులో కలుస్తాయి. కలిసేచోట సిమెంటు వరలతో బావి లాంటి గుంత ఉంటుంది. హర్యానాలోని తేలిక నేలల్లో వరసకూ వరసకూ 60 మీటర్లకు పైగా ఎడం ఇచ్చినా నీరు లాగుతుంది. నల్లరేగడిలో నీటి నడక నెమ్మది కనుక ఆ ఎడం 30 మీటర్ల దాకా తగ్గించాల్సి వస్తుంది. ఎడం సగమైతే పైపు రెట్టింపు, ఖర్చూ దానికి తగ్గట్టే. రేగడి నేలల్లో ఈ పద్ధతి మెల్లగా పాకడానికి ముఖ్య కారణం ఇదే.

పని చేస్తున్న పైపు చివర వాగు గట్టున నిలబడి చూస్తే దాని విలువ తెలుస్తుంది. పక్కన కాలువలో నీరు ఎర్రగా, మట్టితో ఉంటుంది. పైపులోంచి వచ్చేది బొటనవేలంత ధార, తేటగా, అద్దంలా. నాలుక మీద వేస్తే ఉప్పన. పొలం మొత్తంలో వేసవి పొర కట్టాల్సిన ఉప్పు ఆ ధారలో పోతోందన్నమాట. ఏడాది గడిస్తే ధారలో ఉప్పదనం తగ్గుతుంది. రైతుకు అంతకన్నా నమ్మకమైన రుజువు ఉండదు.

1995–2002 మధ్య నెదర్లాండ్స్ సహకారంతో ఇలాంటి పైపులను కాలువ ఆయకట్టుల్లో పరీక్షించారు. బాపట్ల, గంగావతి, గుజరాత్‌లోని నవసారి కేంద్రాలు ఆ పనిలో పాల్గొన్నాయి. ఆంధ్రలో నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కొణంకి, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరు అందుకు ఎంచుకున్న ఊళ్లు. గంగావతి శాస్త్రవేత్తలు తర్వాత ఒక అడుగు ముందుకు వేసి, పైపు నోటికి మూత అమర్చే పద్ధతిని చూశారు. కడగాల్సినప్పుడు మూత తీయడం, వరికి ఎరువు వేసిన రోజుల్లో మూయడం. మూత లేకపోతే ఉప్పుతో పాటు నత్రజని కూడా వాగుపాలవుతుంది. వరి పండే నేలకు ఈ చిన్న సవరణ చాలా అవసరం.

కడిగే కాలంలో ఏ పంట వేయాలన్న దగ్గర ఒక చిత్రమైన సంగతి ఉంది. పంటలు ఉప్పును ఎంతవరకు తట్టుకుంటాయో కొలిచిన పట్టికల్లో వరి బలహీనమైనది. వాహకత 3 దాటగానే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. పత్తి 7.7 దాకా ఓర్చుకుంటుంది, బార్లీ 8 దాకా. అయినా చౌడు బాగుచేసేటప్పుడు మొదటి పంటగా వరినే చెబుతారు. వరి మడిలో నిలిచే నీరు ఉప్పును పలచన చేసి కిందికి దింపుతుంది. పంట పండుతూనే నేల కడుగుడు పడుతుంది. డ్రెయిన్ ఉన్నచోట వరి నేలను శుభ్రం చేస్తుంది. డ్రెయిన్ లేనిచోట అదే వరి నేలను ముంచుతుంది. ఉప్పును తట్టుకునే రకాలు వాడితే మొదటి ఏళ్లు గట్టెక్కుతాయి. గంగావతి సోనా అలా ఈ ఆయకట్టుకోసమే తయారైన రకం. కర్నాల్ నుంచి సీఎస్ఆర్ వరుస రకాలు వచ్చాయి. నారు 35–40 రోజులు ముదిరాక నాటడం, కుదురుకు మూడు నాలుగు మొక్కలు పెట్టడం, నత్రజని పావు వంతు ఎక్కువ వేయడం, జింకు సల్ఫేటు మరవకపోవడం చౌడులో వరికి తప్పనిసరి జాగ్రత్తలు.

సింధనూరు, మాన్వి వైపు ఈమధ్య నారు, నాట్లు లేకుండా పొడి దుక్కిలో గొర్రుతో వరి విత్తే పద్ధతి బాగా వ్యాపించింది. కూలీ ఖర్చు తగ్గుతుంది, నీరూ ఆదా. మిట్టన ఉన్న మంచి నేలలకు దీన్ని మించింది లేదు, ఎందుకంటే పైన ఆదా అయిన ప్రతి అంగుళం నీరు కింది పొలం ఊటను తగ్గిస్తుంది. ఉప్పెక్కిన పల్లంలో మాత్రం ఇది తొందరపాటు. అక్కడ నిలిచిన నీరే మందు.

కారు చౌడుకు కడగడం ఒక్కటే చాలదు. మట్టిని పట్టుకున్న సోడియాన్ని ముందు ఊడదీయాలి. ఆ పని కాల్షియం చేస్తుంది, దాన్ని చౌకగా ఇచ్చేది జిప్సం. దేశంలో గని జిప్సంలో అధిక భాగం రాజస్థాన్ నుంచే వస్తుంది. మట్టి పరీక్షలో తేలిన అవసరాన్ని బట్టి మోతాదు ఉంటుంది. ఉత్తరాది కారు చౌడుల్లో హెక్టారుకు 10–15 టన్నులు మామూలు. పొలాన్ని చదును చేసి, గట్లు గట్టిపరిచి, మెత్తగా పొడి చేసిన జిప్సాన్ని సమంగా చల్లి, పై పది సెంటీమీటర్ల మట్టిలోనే కలపాలి. లోతుగా దున్ని కలిపితే మందు పలచబడి ఎక్కడా పనిచేయదు. తర్వాత రెండు వారాల దాకా నీరు నిలపాలి. జిప్సం మెల్లగా కరుగుతుంది, కాల్షియం మట్టికి అంటుకుంటుంది, విడిపోయిన సోడియం సల్ఫేటుగా మారి నీటిలో దిగిపోతుంది. ఆ నీటికి కూడా బయటికి దారి కావాలి. జిప్సం చల్లి, నీరు పెట్టి, డ్రెయిన్ తీయకపోతే జబ్బు పేరు మారుతుందే తప్ప నేల బాగుపడదు. సున్నం ఎక్కువున్న రేగడిలో గంధకం వేసినా ఫలితం ఉంటుంది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చి, సున్నంలో బందీగా ఉన్న కాల్షియాన్నే విడిపిస్తాయి. వీటికి తోడు జీలుగ. చౌడును ఓర్చుకుని మొలిచే పచ్చిరొట్ట పైరు అది. నలభై ఐదు రోజులకు, పూత దశలో కలియదున్నితే వేళ్లు చేసిన దారుల్లో నీరు దిగుతుంది, కుళ్లిన రొట్ట మట్టిని గుల్ల చేస్తుంది. అదే ఏడు వరి వేయాలి. మొదటి రెండు మూడేళ్లు భూమిని ఖాళీగా ఎండకు వదలకపోవడం ముఖ్యం. వదిలితే లోపలి ఉప్పు పైకి వస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక్క పొలం పనులు. చౌడు మాత్రం పొలం గట్టు దగ్గర ఆగదు. పైపు వేసిన రైతు తన ధారను వాగుకు చేర్చాలంటే నడుమ ముగ్గురి పొలాలు దాటాలి. ఆ ముగ్గురిలో ఒకరు వద్దంటే పని ఆగిపోతుంది. పైపులు వేసినా, మిట్టన ఉన్నవాళ్లు రెండు పంటలూ వరే వేసి నీరు వదిలేస్తుంటే, ఆ ఊటంతా కింది పైపులు మోయాలి. హర్యానాలో దీన్ని ముందే గుర్తించి, ఒక్కో డ్రెయిన్ బ్లాకు కింద ఉన్న రైతులను సంఘంగా చేశారు. అక్కడ నేల బల్లపరుపు, నీరు తనంతట తాను పోదు. బ్లాకు చివరి బావిలోంచి మోటారుతో తోడాలి, డీజిలుకు, కరెంటుకు అందరూ డబ్బు వేసుకోవాలి. సంఘం గట్టిగా ఉన్నచోట నేల తిరిగి గోధుమ పండింది. సంఘం చెదిరితే మోటారు ఆగింది, మోటారు ఆగితే నీరు మళ్లీ ఎక్కింది. తుంగభద్ర ఆయకట్టుకు ఇందులో ఒక అదృష్టం ఉంది. ఇక్కడి వాలు వల్ల మోటారు అక్కర్లేకుండానే నీరు వాగులోకి దిగుతుంది. అంత అనుకూలం ఉండి కూడా వాగులు పూడిపోయి, డ్రెయిన్లు గట్టులో కలిసిపోయి ఉండడం బాధ కలిగిస్తుంది.

మాన్వి దాటి రాయచూరు వైపు వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఇక్కడ పిల్లకాలువల్లో సర్కారు తుమ్మ మొలిచింది. ఆయకట్టు పటంలో ఈ చివరి చేలకూ నీటి వాటా ఉంది. పత్తి, జొన్నకు రెండు తడులు అని 1950లలో రాసిన ఆ వాటా పైనే వరి మడుల్లో ఆగిపోతుంది. పైగా జలాశయంలో పూడిక పెరిగింది. మొదట 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర ఇప్పుడు 106 లోపే పడుతుంది. 2024 ఆగస్టులో పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టు మొత్తం ఒక్కసారిగా వణికింది. నీటికి ఎంత కటకటగా ఉందో ఆ వారం అందరికీ అర్థమైంది. అంత కొరతలోనూ పైభాగంలో ఎక్కువైన నీరే నేలను చంపుతోంది, చివరిభాగంలో రాని నీరు నేలను ఎండబెడుతోంది. పైన వరి విస్తీర్ణం కొంత తగ్గించి, ఒక పంటైనా పత్తికో, శనగకో, ఆవాలకో మళ్లించి, తూములను వారబందీతో, అంటే వంతుల వారీగా, నడిపితే చివరి ఊరికి నీరు చేరుతుంది, పల్లపు పొలంలో ఊట తగ్గుతుంది. ఇది జిప్సంకన్నా, పైపుకన్నా చవకైన వైద్యం. దీన్ని చేయించడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే పైన ఉన్న రైతుకు వరి మానితే వచ్చే నష్టం ఈ ఏడే కనిపిస్తుంది. కింది రైతు చౌడు మాత్రం అతని లెక్కలోకి రాదు. మద్దతు ధర, మిల్లు, అప్పు అన్నీ వరి చుట్టూనే అల్లుకుని ఉన్నంతకాలం ఉపదేశాలతో పంట మారదు. ధాన్యానికి ఉన్నంత భరోసా జొన్నకు, శనగకు కూడా మార్కెట్లో దక్కాలి.

మిగిలింది కడిగి తీసిన ఉప్పు ఎటు పోతుందన్న ప్రశ్న. సింధనూరు, మాన్వి వాగుల నీరు చివరికి తుంగభద్రలోకే చేరుతుంది. ఆ దిగువన మాన్వి తాలూకాలోనే రాజోలిబండ ఆనకట్ట ఉంది. దాని ఎడమ కాలువ తెలంగాణలోకి ప్రవేశించి గద్వాల, అలంపురం వైపు 87,500 ఎకరాలకు నీరివ్వడానికి కట్టినది. ఇంకా దిగువన సుంకేశుల దగ్గర కర్నూలు–కడప కాలువ మొదలవుతుంది. అంటే ఎగువ పొలాలు కడిగిన నీరే దిగువ పొలాలకు పారుదల నీరు. వానాకాలం నది నిండుగా పారుతున్నప్పుడు డ్రెయిన్లు వదిలితే ఆ ఉప్పు గాఢత లెక్కలోకి రానంతగా పలచబడుతుంది. నది సన్నబడిన వేసవిలో అదే పని చేస్తే ఎగువ చౌడు దిగువకు బదిలీ అయినట్టే. పైపు నోటికి మూత ఉండాలన్న గంగావతి ఆలోచన ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా తెరిచి కడగడం, తర్వాత మూసి ఉంచడం. దానికి తోడు వాగులు నదిలో కలిసే చోట, రాజోలిబండ తూము దగ్గర నెలనెలా వాహకత కొలిచి ఆ అంకెలను మూడు రాష్ట్రాల ఇంజనీర్లూ రైతులూ చూసేలా ఉంచాలి. కొలిచే పరికరం చేతిలో ఇమిడేంత చిన్నది. ఒక లష్కరు సైకిలు మీద తీసుకుపోయి అరగంటలో చేయగల పని.